లారా 2.0 టీడీఐ: మొగిలి ఘాట్‌లో వేడి. ఫిల్టరా, ఇంటర్‌కూలరా, రేడియేటరా, ఏది ముందు?

మంగాపురం_లారా (తిరుపతి):

అందరికీ నమస్కారం. నాది 2012 స్కోడా లారా 2.0 టీడీఐ కామన్ రైల్. కంపెనీ లెక్క 140 పీఎస్, 320 ఎన్‌ఎమ్. ఆరు గేర్ల మాన్యువల్. స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి పవర్ పెంచడం) అయ్యాక డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద 178 పీఎస్ చూపించింది. టర్బో (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపేది) కంపెనీదే, క్లచ్ మాత్రం మార్చాను.

పని మీద తరచూ బెంగళూరు వెళ్తుంటాను. చిత్తూరు, బంగారుపాళ్యం, మొగిలి, పలమనేరు దారి. చలికాలంలో ఈ బండి పరుగు చూస్తే ముచ్చటేస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి వేరే కారు నడుపుతున్నట్టు ఉంటుంది. మిట్టమధ్యాహ్నం, లోపల నలుగురం, ఏసీ ఆన్. మొగిలి ఘాట్ సగం ఎక్కేసరికి లాగడం తగ్గిపోతుంది. చెక్ ఇంజన్ లైట్ రాదు. టెంపరేచర్ ముల్లు 90 మీద నుంచి కదలదు. పలమనేరులో టీ తాగి బయల్దేరితే మళ్లీ మామూలే.

నేను అనుకున్నవి: ఓపెన్ కోన్ ఎయిర్ ఫిల్టర్, పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చేది), విడిగా ఆయిల్ కూలర్, అల్యూమినియం రేడియేటర్. అన్నీ ఒకేసారి కొనే స్తోమత లేదు. వరుస చెప్పండి.

రేణిగుంట_రీమ్యాప్ (రేణిగుంట):

బ్రో, ముందు ఫిల్టర్. పేపర్ ఫిల్టర్ 140 పీఎస్ కోసం పెట్టింది, నీది ఇప్పుడు 178. ఆయిల్ పూసే కాటన్ కోన్ పెట్టు, టర్బో త్వరగా వేగం అందుకుంటుంది, సౌండ్ కూడా బాగుంటుంది. తర్వాత డౌన్‌పైప్ (టర్బో వెనక ఎగ్జాస్ట్ గొట్టం) మార్చి, ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది), డీపీఎఫ్ (మసి పట్టే ఫిల్టర్) తీసేసి స్టేజ్ 2 ఫైల్ (ఇంకా పవర్ ఇచ్చే ప్రోగ్రామ్). ఎగ్జాస్ట్ ఫ్రీ అయితే వేడి దానంతట అదే తగ్గుతుంది. చాలా బండ్లలో చూశాను.

పాకాల_డీజిల్ (పాకాల):

తమ్ముడూ, ఏదీ కొనొద్దు ఇంకా. ముందు కొలువు.

ముల్లు 90 మీద ఉంది అన్నావు కదా, దాన్ని నమ్మొద్దు. ఈ గ్రూపు కార్లలో కూలెంట్ 90 కంటే బాగా తక్కువ ఉన్నా, బాగా ఎక్కువ ఉన్నా ముల్లు 90 దగ్గరే నిలబడుతుంది. డ్రైవర్ కంగారు పడకూడదని అలా పెట్టారు. ముల్లు కదిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ రీడింగులు చూపించేది) పెట్టుకో. వీసీడీఎస్ (ఈ గ్రూపు కార్ల కోసమే చేసిన స్కానర్ సాఫ్ట్‌వేర్) ఉంటే మరీ మంచిది.

ఘాట్ ఎక్కేటప్పుడు పక్కన ఒకరిని కూర్చోబెట్టి ఇవి రికార్డు చెయ్యి: కూలెంట్ టెంపరేచర్, ఇన్‌టేక్ గాలి టెంపరేచర్, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) అడిగిన బూస్ట్ (టర్బో పెంచే గాలి ఒత్తిడి) ఎంత, నిజంగా వచ్చిన బూస్ట్ ఎంత, మాఫ్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచే సెన్సర్) రీడింగ్, రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు వెళ్లే డీజిల్ ఒత్తిడి). వీలైతే ఆయిల్ టెంపరేచర్ కూడా. లైట్ రాకుండా పవర్ తగ్గిందంటే ఈసీయూ తనను తాను కాపాడుకోవడానికి డీజిల్ తగ్గిస్తున్నట్టు. దేన్ని చూసి తగ్గిస్తోందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇంటికొచ్చాక బంపర్ కింద నుంచి టార్చ్ వేసి చూడు. ఏసీ కండెన్సర్, ఇంటర్‌కూలర్, రేడియేటర్ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మొదటి దాని ముందు పురుగులు కనిపిస్తాయి, అవి అందరూ కడుగుతారు. మధ్యలో ఇరుక్కున్న మట్టిని ఎవరూ చూడరు. ఇంజన్ కింద ప్లాస్టిక్ అండర్‌ట్రే ఉందా, ఆయిల్ మార్చినప్పుడు ఎవరైనా తీసి పక్కన పెట్టేశారా? అదీ చూడు.

బంగారుపాళ్యం_రాళ్లు (బంగారుపాళ్యం):

ఓపెన్ కోన్ ఫిల్టర్ మాట విని ఆగలేక రాస్తున్నాను. మాకు క్రషర్, టిప్పర్లు ఉన్నాయి. దుమ్ము ఇంజన్‌ను ఏం చేస్తుందో రోజూ చూసే వాళ్లం.

మన చిత్తూరు వైపు దుమ్ము మామూలు మట్టి దుమ్ము కాదు. గ్రానైట్ పొడి. అందులో క్వార్ట్జ్ ఉంటుంది, అది ఇనుము కంటే గట్టిది. కంటికి కనిపించే రేణువులను ఏ ఫిల్టరైనా ఆపుతుంది. ఇంజన్‌ను తినేవి 5 నుంచి 20 మైక్రాన్ల మధ్య ఉండేవి. పిస్టన్ రింగుకూ సిలిండర్ బోరుకూ మధ్య ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లే. అక్కడ దూరి రాపిడి చేస్తాయి. టర్బో కంప్రెసర్ రెక్కల అంచులు కూడా అరిగిపోతాయి. నిమిషానికి లక్ష చుట్లకు పైన తిరిగే చక్రం అది, ఆ వేగంలో ఇసుక తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. రెండు లీటర్ల ఇంజన్ ఒకటిన్నర బార్ బూస్ట్‌లో, 4,000 ఆర్పీఎమ్ దగ్గర నిమిషానికి 8,000 లీటర్లకు పైగా గాలి పీల్చుకుంటుంది. మొగిలి రోడ్డులో గ్రానైట్ లోడు లారీ వెనక మీరు ఎక్కుతున్నప్పుడు ఆ 8,000 లీటర్లు ఎలాంటివో ఊహించుకోండి. ఎయిర్ ఫిల్టర్లను ఐఎస్‌ఓ 5011 పద్ధతిలో పరీక్షిస్తారు. మంచి పేపర్ ఫిల్టర్ దుమ్మును 99 శాతానికి పైగా ఆపుతుంది. కాటన్ గుడ్డ ఫిల్టర్ ఎక్కువ గాలిని వదులుతుంది, దాంతో పాటు ఎక్కువ దుమ్మునూ వదులుతుంది. చిన్న తేడాలా కనిపిస్తుంది. 99.5 శాతం ఆపేది నూటికి అర గ్రాము వదిలితే, 97 శాతం ఆపేది మూడు గ్రాములు వదులుతుంది. ఇంజన్‌లోకి వెళ్లేది ఆరు రెట్లు. అది చూడాల్సిన లెక్క.

మా బండ్లకు రెస్ట్రిక్షన్ ఇండికేటర్లు (ఫిల్టర్ ఎంత మూసుకుపోయిందో చూపించేవి) ఉంటాయి. ఎర్ర గీత కనిపించేదాకా ఫిల్టర్‌ను ముట్టుకోనివ్వను. కొంచెం దుమ్ము పట్టిన పేపర్ ఫిల్టర్ కొత్తదాని కంటే బాగా వడపోస్తుంది. తీసి ఎయిర్ కొట్టించే అలవాటు మన దగ్గర ప్రతి షెడ్డులో ఉంది. దయచేసి మాన్పించండి. ఆ ప్రెషర్‌కు పేపర్‌లో కంటికి కనపడని చీలికలు పడతాయి. బిగించేటప్పుడు సీల్ సరిగా కూర్చోకపోతే ఫిల్టర్ ఉన్నా లేనట్టే.

రేణిగుంట_రీమ్యాప్:

అన్నా, మీ క్వారీ బండి వేరు, హైవే కారు వేరు. కాటన్ ఫిల్టర్ వేసి ఏళ్ల తరబడి నడుపుతున్న వాళ్లు ఉన్నారు. శుభ్రంగా కడిగి, సరిగా ఆయిల్ పూస్తే ఏమీ కాదు. రేస్ ట్రాక్ మీద అందరూ వాడేది అదే కదా.

పాకాల_డీజిల్:

రేస్ ఇంజన్‌ను సీజన్ అయ్యాక విప్పుతారు తమ్ముడూ. మన ఇంజన్ మూడు లక్షల కిలోమీటర్లు విప్పకుండా నడవాలి.

సరిగా ఆయిల్ పూస్తే అన్నావు, సమస్య అక్కడే. కొంచెం ఎక్కువైతే ఆ ఆయిల్ గాలితో వెళ్లి మాఫ్ సెన్సర్ మీద పొరలా కూర్చుంటుంది. మాఫ్ తప్పు చెబితే ఈసీయూ పొగ లెక్క తప్పుతుంది, ఈజీఆర్ లెక్క తప్పుతుంది. ఓపెన్ కోన్ అయితే ఇంకో గొడవ. కంపెనీ పెట్టె హెడ్‌లైట్ పక్కనుంచి బయటి గాలి తెచ్చుకుంటుంది. కోన్ బానెట్ కింద వేడి గాలి పీలుస్తుంది. అక్కడ ఎండాకాలంలో 65, 70 డిగ్రీలు మామూలు. వేడి తగ్గించుకోవడానికి వేడి గాలి కొనుక్కోవడం ఎందుకు?

థర్మల్_టీచర్ (తిరుపతి):

ఇక్కడ లెక్క వేస్తే వరుస తేలిపోతుంది. నేను ఇంజనీరింగ్ పిల్లలకు ఈ సబ్జెక్టే చెబుతాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

బయట 40 డిగ్రీలు అనుకుందాం. బూస్ట్ 1.5 బార్, అంటే ప్రెషర్ రేషియో 2.5. గాలిని అంత నొక్కితే నష్టాలేమీ లేకపోయినా సుమారు 94 డిగ్రీలు పెరుగుతుంది. కంప్రెసర్ ఎఫిషియెన్సీ 70 శాతం అనుకుంటే పెరిగేది 134. అంటే టర్బో నుంచి బయటికి వచ్చే గాలి దాదాపు 174 డిగ్రీలు. దీన్ని చల్లార్చాల్సింది ఇంటర్‌కూలర్.

ఇంటర్‌కూలర్ 70 శాతం పనిచేస్తే ఇంజన్‌లోకి 80 డిగ్రీల గాలి వెళ్తుంది. 85 శాతం పనిచేస్తే 60. ఈ 20 డిగ్రీల తేడాకు గాలి సాంద్రత సుమారు 6 శాతం పెరుగుతుంది. అంటే ప్రతి స్ట్రోక్‌లో 6 శాతం ఎక్కువ ఆక్సిజన్.

ఇప్పుడు ఫిల్టర్. పేపర్ ఫిల్టర్ శుభ్రంగా ఉన్నప్పుడు, ఫుల్ లోడ్‌లో 2 కిలోపాస్కల్ దగ్గర అడ్డు పెడుతుంది అనుకుందాం. ఎంత గొప్ప ఫిల్టర్ పెట్టినా ఇందులో తిరిగొచ్చేది సుమారు 1 కిలోపాస్కల్. బయటి గాలి ఒత్తిడి 100 కిలోపాస్కల్. నూటికి ఒకటి. ఆ ఒకటి కోసం ఆరు రెట్ల దుమ్మును లోపలికి పిలవాలా అన్నది మీరే తేల్చుకోండి.

పైగా డీజిల్ ఇంజన్‌లో గాలి ఎక్కువ వస్తే దానంతట పవర్ పెరగదు. పవర్ డీజిల్ కొలతను బట్టి వస్తుంది. ఎక్కువ గాలి వల్ల పొగ తగ్గుతుంది, ఎగ్జాస్ట్ టెంపరేచర్ తగ్గుతుంది, ఈసీయూ డీజిల్ తగ్గించాల్సిన అవసరం రాదు. రీమ్యాప్ బండికి అసలు కావాల్సింది ఇదే. టర్బో ముందు ఎగ్జాస్ట్ 750, 800 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు నిలబడితే టర్బైన్‌కూ మానిఫోల్డ్‌కూ మంచిది కాదు. అందుకే నేనైతే ముందు ఇంటర్‌కూలర్ గురించే ఆలోచిస్తాను. అయితే పాకాల అన్న చెప్పినట్టు కొలతలు చూశాకే.

మదనపల్లె_ఎక్స్‌యూవీ (మదనపల్లె):

మేడమ్, చిన్న సందేహం. నా ఎక్స్‌యూవీ 500 హార్స్‌లీ హిల్స్ ఎక్కేటప్పుడు పైకి వెళ్లే కొద్దీ చల్లగా ఉంటుంది కదా, అయినా ఇంజన్ ఎక్కువ వేడెక్కుతుంది. ఎందుకు?

థర్మల్_టీచర్:

మంచి ప్రశ్న. హార్స్‌లీ హిల్స్ ఎత్తు సుమారు 1,265 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి 870 మిల్లీబార్ దగ్గర ఉంటుంది. ఈసీయూ మాత్రం మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో) అదే ఒత్తిడి కావాలంటుంది, ఉదాహరణకు 2.5 బార్ అబ్సొల్యూట్ (బయటి గాలి ఒత్తిడి కూడా కలిపి). కింద టర్బో చేసిన ప్రెషర్ రేషియో 2.5 అయితే, పైన 2.87 చేయాలి. టర్బో ఇంకా వేగంగా తిరుగుతుంది, గాలిని ఇంకా వేడెక్కిస్తుంది. పైగా పల్చటి గాలి రేడియేటర్ నుంచి తక్కువ వేడిని తీసుకెళ్తుంది. దానికి తోడు మలుపుల్లో రెండో గేర్, తక్కువ వేగం. బయట చల్లగా ఉన్న లాభం ఈ మూడింటి ముందు నిలవదు.

లారా బాబుకు మొగిలి దగ్గర ఎత్తు అంత కాదు. చిత్తూరు 330 మీటర్ల దగ్గర, పలమనేరు 680 దగ్గర. అక్కడ ఎత్తు కంటే ఎండ, లోడ్, ఏసీ ఎక్కువ లెక్కలోకి వస్తాయి.

మంగాపురం_లారా:

అందరికీ ధన్యవాదాలు. వీసీడీఎస్ ఉన్న స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. బయట 41 డిగ్రీలు, ఏసీ ఆన్.

చిత్తూరు దాటేటప్పుడు కూలెంట్ 92. ఘాట్ మొదట్లో 98. పవర్ తగ్గిన చోట 109. ముల్లు అప్పుడు కూడా 90 మీదే ఉంది, పాకాల అన్న చెప్పినట్టే. ఇన్‌టేక్ గాలి 86 డిగ్రీలు. అడిగిన బూస్ట్ 1.5, వచ్చింది 1.32. ఆయిల్ 121.

బంపర్ కింద చూశాను. అండర్‌ట్రే లేదు. కండెన్సర్‌కూ ఇంటర్‌కూలర్‌కూ మధ్య మట్టి గడ్డకట్టి ఉంది. ఇంటర్‌కూలర్ ఎడమ గొట్టం జాయింట్ దగ్గర ఆయిల్ తడి ఉంది.

అన్నా, కొత్తవి కొనాలా, వద్దా?

పాకాల_డీజిల్:

ఇప్పుడు మాట్లాడుకుందాం.

ఆ ఆయిల్ తడి బూస్ట్ లీక్ గుర్తు. క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది గది) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి ఇంటర్‌కూలర్ గొట్టాల్లో ఎప్పుడూ కొంత ఉంటుంది. జాయింట్ దగ్గర బయటికి కనిపించిందంటే గాలి కూడా అక్కడి నుంచే పోతోంది. ఆ సీలింగ్ రింగు మార్చు, వంద రూపాయల వ్యవహారం. పోయిన బూస్ట్‌ను పూడ్చడానికి టర్బో ఇంకా గట్టిగా తిరుగుతోంది, అంటే ఇంకా వేడి. గొట్టాల్లో ఒక బార్ దాటకుండా గాలి నింపి, సబ్బు నీళ్లతో లీక్ టెస్ట్ చేయించు.

తర్వాత ముందు భాగం మొత్తం విప్పి కడగాలి. కండెన్సర్ గ్యాస్ తీయాల్సిన పని లేదు, బ్రాకెట్లు వదులు చేసి ముందుకు జరపొచ్చు. ప్రెషర్ వాషర్ ఫిన్స్‌కు దగ్గరగా పెట్టొద్దు, పడుకుంటాయి. వెనక నుంచి ముందుకు మామూలు పైపు నీళ్లు చాలు, మట్టి వచ్చిన దారినే పోవాలి.

ఇంక అండర్‌ట్రే. అది ఇంజన్‌కు బురద తగలకుండా పెట్టిన రేకు అనుకుంటారు చాలామంది. వేగంలో కారు కింద ఒత్తిడి తగ్గితేనే ఇంజన్ గదిలోని వేడి గాలి కిందికి లాక్కుపోతుంది, కొత్త గాలి రేడియేటర్ గుండా వస్తుంది. ట్రే తీసేస్తే ఆ వరుస చెడిపోతుంది. అలాగే రేడియేటర్ చుట్టూ ఉండే ఫోమ్ పట్టీలు. అవి పోతే గాలి ఫిన్స్ మధ్య నుంచి వెళ్లకుండా పక్క సందుల్లోంచి తప్పించుకుంటుంది. గాలి సోమరి, అడ్డం లేని దారే వెతుక్కుంటుంది. క్లోజ్డ్ సెల్ ఫోమ్ తెచ్చి ఆ సందులన్నీ మూసెయ్యి. నా దగ్గరకు వచ్చే వేడి కంప్లైంట్లలో చాలా వాటికి మందు ఇదే.

కూలెంట్ ఏం రంగు ఉంది?

మంగాపురం_లారా:

ముదురు గోధుమ రంగు అన్నా. ఇంతకు ముందు ఓనర్ ఏం పోశాడో తెలియదు.

పాకాల_డీజిల్:

అయితే గులాబీ రంగు కూలెంట్‌లో ఎవరో ఆకుపచ్చ కూలెంట్ కలిపారు. ఆ రెండూ కలిస్తే లోపల జిగటగా మారుతుంది, హీటర్ కోర్, రేడియేటర్ సన్న గొట్టాలు మూసుకుపోతాయి. పూర్తిగా తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో శుభ్రంగా వచ్చేదాకా ఫ్లష్ చేసి, కంపెనీ స్పెక్ జీ13 కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం పోయండి. బోరు నీళ్లు మాత్రం వద్దు సామీ. మన వైపు నీళ్లలో ఉప్పు ఎంతుందో ఇంట్లో గీజర్ కాయిల్ విప్పి చూస్తే తెలుస్తుంది. అదే తెల్ల పెచ్చు ఇంజన్ లోపల కడితే వేడి బయటికి రాదు.

ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ మూత కూడా మార్చు. సగం గ్లైకాల్ (కూలెంట్ మందు), మంచి ప్రెషర్ మూత ఉంటే కూలెంట్ 125 డిగ్రీలు దాటేదాకా మరగదు. మూత రబ్బరు పోతే ఆ రక్షణ పోయినట్టే. థర్మోస్టాట్ వయసు కూడా అయిపోయి ఉంటుంది, ఫ్లష్ చేసేటప్పుడే మార్చెయ్యి.

ఇవన్నీ అయ్యాక మళ్లీ అదే దారి, అదే ఎండలో రీడింగ్ తియ్యి.

రేణిగుంట_రీమ్యాప్:

ఒప్పుకుంటాను, లీక్ ముందు చూడాలి. నేను ట్యూన్ చేసిన బండ్లలో కూడా లీకులు కనిపించాయి. కానీ డీపీఎఫ్, ఈజీఆర్ విషయంలో నా మాట అదే. తీసేస్తే ఎగ్జాస్ట్ వేడి తగ్గుతుంది, అది నిజం.

సర్వేయర్_చిత్తూరు (చిత్తూరు):

నేను ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు చూసే పనిలో ఉన్నాను. ఇక్కడ ఒక మాట చెప్పాలి.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పొగ నియంత్రణ పరికరాలు తీసేయడం నేరుగా ఇందులోకి వస్తుంది. రీమ్యాప్ చేయించాక ఆ సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పకపోతే, ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ ఆగిపోవచ్చు. కుటుంబాన్ని కూర్చోబెట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కే కారు ఇది. ఆ కాగితం విలువ ఇంటర్‌కూలర్ కంటే ఎక్కువ.

ఇంకోటి. ఎవరూ తిరుమల ఘాట్‌ను టెస్టింగ్‌కు వాడొద్దు. అలిపిరి నుంచి పైకి కనీసం 28 నిమిషాలు, దిగేటప్పుడు 40 నిమిషాలు పట్టాలనే నిబంధన అక్కడ ఉంది. అది భక్తుల దారి, మన బూస్ట్ గేజ్ చూసుకునే దారి కాదు.

థర్మల్_టీచర్:

సర్వేయర్ గారి మాటకు నా పూర్తి మద్దతు. డీపీఎఫ్ గురించి ఒక్క విషయం కలుపుతాను. డీజిల్ మసి రేణువులు ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్తాయి. తిరుపతిలో బస్టాండ్ చుట్టూ, రేణిగుంట రోడ్డులో పిల్లలు పీల్చేది అదే గాలి. రేణిగుంట తమ్ముడికి నైపుణ్యం ఉంది. ఫిల్టర్ ఉంచి, దానికి తగ్గట్టు ఫైల్ రాసే పని మీద ఆ నైపుణ్యం పెడితే ఈ ప్రాంతంలో ఆ పని చేసేవాళ్లకు మంచి పేరు వస్తుంది.

రేణిగుంట_రీమ్యాప్:

మేడమ్, అది కష్టమైన పని, కస్టమర్లు దానికి డబ్బు ఇవ్వరు. అయినా ఆలోచిస్తాను. లారా బ్రో ఫైల్‌లో టార్క్ లిమిటర్‌ను (లాగే బలానికి పెట్టిన హద్దును) ఇన్‌టేక్ టెంపరేచర్‌ను బట్టి మెల్లగా తగ్గేలా మార్చొచ్చు. ఇప్పుడు ఒక్కసారిగా పడిపోతోంది, అందుకే అంత తెలుస్తోంది. డీజిల్ మొత్తం కూడా మూడో గేర్ పైన కాస్త తగ్గిస్తే ఎగ్జాస్ట్ వేడి తగ్గుతుంది. ఫైల్ పంపు, చూస్తాను.

బంగారుపాళ్యం_రాళ్లు:

తమ్ముడూ, ఇది మంచి మాట.

నేను డీజిల్ ఫిల్టర్ గురించి చెప్పడం మర్చిపోకూడదు. కామన్ రైల్ పంపు 1,800 బార్ దాకా ఒత్తిడి చేస్తుంది. ఇంజెక్టర్ సూదికీ గోడకూ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. అక్కడ నీటి చుక్క వెళ్లినా, రేణువు వెళ్లినా పంపు గీసుకుపోతుంది, ఆ ఇనుప పొడి రైల్ మొత్తం పాకుతుంది. అప్పుడు పంపు, రైల్, ఇంజెక్టర్లు అన్నీ మార్చాలి. బిల్లు వింటే గుండె ఆగుతుంది. రీమ్యాప్ బండికి ఈ ఫిల్టర్‌లో పొదుపు వద్దు. కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మార్చండి, నకిలీ పెట్టెలు చాలా తిరుగుతున్నాయి, బిల్లుతో కొనండి. వర్షాకాలం ముందు ఫిల్టర్ అడుగున నీళ్లు తీయించండి. రద్దీ లేని పాత బంకులో కంటే ట్యాంకర్ రోజూ వచ్చే బంకులో పోయించుకోవడం మేలు.

మంగాపురం_లారా:

అన్నా, ఆయిల్ 121 కదా, ఆయిల్ కూలర్ అవసరమా?

పాకాల_డీజిల్:

ఇప్పుడే వద్దు. నీ ఇంజన్‌లో ఆయిల్‌ను కూలెంట్‌తో చల్లార్చే హీట్ ఎక్స్‌చేంజర్ ఉంది. కూలెంట్ 109 ఉంటే ఆయిల్ 121 ఉండడంలో వింత లేదు. కూలెంట్ దిగితే ఆయిల్ దిగుతుంది. విడి కూలర్ పెడితే గొట్టాలు, జాయింట్లు పెరుగుతాయి, ఒక గొట్టం వదులైతే ఇంజన్ పోతుంది. చలికాలం పొద్దున ఆయిల్ వేడెక్కడానికే టైమ్ తీసుకుంటుంది, థర్మోస్టాట్ లేని కూలర్ అయితే మరీ ఘోరం. కూలింగ్ అంతా సరిచేశాక కూడా 130 దాటుతుంటే అప్పుడు థర్మోస్టాట్ ఉన్న కూలర్ గురించి మాట్లాడదాం.

ఆయిల్ మాన్యువల్ చెప్పిన వీడబ్ల్యూ స్పెక్ మాత్రమే. 15,000 దాకా ఆగకుండా 7,500కే మార్చు. ఫిల్టర్ మంచి కంపెనీది. పాత ఫిల్టర్‌ను పారేయకుండా మడతలు విప్పి చూడు, మెరిసే పొడి ఉందో లేదో. ఘాట్ ఎక్కి టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు వెంటనే కీ తిప్పొద్దు, ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచు. టర్బో బేరింగ్ దగ్గర ఆయిల్ మాడకుండా ఉంటుంది.

మదనపల్లె_ఎక్స్‌యూవీ:

నేను ముందు అదనపు ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టాలనుకుంటున్నాను. లాభం ఉంటుందా?

థర్మల్_టీచర్:

వేగాన్ని బట్టి. 60 కిలోమీటర్లు దాటాక ఎదురుగాలే ఫ్యాన్ కంటే ఎక్కువ పని చేస్తుంది, ఆ ఫ్యాన్ బ్లేడ్లు కొంత అడ్డం కూడా అవుతాయి. హార్స్‌లీ హిల్స్ మలుపుల్లో 20, 30 వేగంలో మాత్రం ఫ్యాన్ ముఖ్యం. ముందు ఉన్న ఫ్యాన్ రెండో స్పీడ్ పనిచేస్తోందో లేదో చూడండి. చాలా బండ్లలో రెసిస్టర్ పోయి ఒక్క స్పీడే తిరుగుతూ ఉంటుంది, ఓనర్‌కు తెలియదు.

మంగాపురం_లారా:

అప్‌డేట్ ఇస్తున్నాను. పాకాల అన్న చెప్పిన వరుసలోనే చేయించాను. జాయింట్ సీల్ మార్చడం, ముందు భాగం కడగడం, ఫోమ్, అండర్‌ట్రే, కూలెంట్ ఫ్లష్, థర్మోస్టాట్, మూత. ఎయిర్ ఫిల్టర్ కంపెనీ పేపర్‌దే కొత్తది. ఫిల్టర్ పెట్టెకూ టర్బోకూ మధ్య చిన్న వ్యాక్యూమ్ గేజ్ పెట్టి చూశాను, ఫుల్ లోడ్‌లో 2.2 కిలోపాస్కల్. టీచర్ గారి అంచనా దాదాపు సరిపోయింది.

మళ్లీ మొగిలి. బయట 40. కూలెంట్ ఎక్కువలో ఎక్కువ 99. ఇన్‌టేక్ గాలి 74. బూస్ట్ అడిగింది 1.5, వచ్చింది 1.48. ఆయిల్ 111. పవర్ తగ్గలేదు. ఏసీ ఆన్‌లోనే, నలుగురం. మా ఆవిడకు కూడా తేడా తెలిసింది, ఈసారి ఎత్తు ఎక్కుతున్నట్టే లేదు అంది.

ఇన్‌టేక్ 74 ఇంకా ఎక్కువే అనిపిస్తోంది. ఇప్పుడు ఇంటర్‌కూలర్ కొనొచ్చా? రెండు రకాల కోర్‌లు దొరుకుతున్నాయి, బార్ అండ్ ప్లేట్ తీసుకోవాలా, ట్యూబ్ అండ్ ఫిన్ తీసుకోవాలా?

థర్మల్_టీచర్:

చాలా సంతోషం. 86 నుంచి 74కు దిగడం పెద్ద విషయం, అదీ ఒక్క పెద్ద పార్టు కొనకుండా.

మీ వాడకానికి ట్యూబ్ అండ్ ఫిన్ తీసుకోండి. బార్ అండ్ ప్లేట్ బరువైన లోహం, కొన్ని సెకన్ల పాటు వచ్చే వేడిని తనలో దాచుకుంటుంది. డ్రాగ్ స్ట్రిప్ మీద అది లాభం. మొగిలి ఘాట్ నిమిషాల తరబడి ఎక్కుడు. ఆ లోహం వేడెక్కిపోయాక దాచుకోవడానికి ఏమీ మిగలదు, బయటికి ఎంత వేడి వదులుతుందన్నదే లెక్క. పైగా అది దాని వెనకున్న రేడియేటర్‌కు గాలి తక్కువ వదులుతుంది, ఇప్పుడు కష్టపడి దించిన కూలెంట్ మళ్లీ పైకి పోవచ్చు. కొనేటప్పుడు ప్రెషర్ డ్రాప్ (దాని గుండా వెళ్లేసరికి తగ్గే గాలి ఒత్తిడి) ఎంతో అడగండి. అమ్మేవాళ్లు చెప్పలేకపోతే వేరే చోట చూడండి. కోర్ మందం మరీ ఎక్కువ వద్దు, ఎత్తూ వెడల్పూ ఎక్కువ ఉన్నదే మేలు.

రేణిగుంట_రీమ్యాప్:

ఫైల్ చూశాను బ్రో. ఐదో గేర్‌లో 2,000 దగ్గర డీజిల్ కాస్త ఎక్కువ పోస్తున్నారు, తగ్గించాను. టార్క్ పది పదిహేను ఎన్‌ఎమ్ తగ్గుతుంది, నీకు తెలియదు కూడా. డీపీఎఫ్ అలాగే ఉంచాను. ఆదివారం వచ్చెయ్యి, ఎక్కించి ఇద్దరం కలిసి పలమనేరు దాకా లాగ్ తీద్దాం.

పాకాల_డీజిల్:

ఆ ఇంటర్‌కూలర్ వచ్చాక నా దగ్గరకు తీసుకురా. బిగించే పట్టీలు చవకబారువి వస్తాయి, టీ బోల్ట్ క్లాంపులు నేను తెప్పిస్తాను. బిగించాక ఒక 500 కిలోమీటర్లు తిరిగి మళ్లీ రా, వేడికి రబ్బరు కుదురుకున్నాక ఇంకోసారి బిగించాలి. కోర్ లోపల తయారీ పొడి ఉంటుంది, పెట్టే ముందు కడిగి ఆరబెట్టకపోతే అది నేరుగా ఇంజన్‌లోకి పోతుంది.

బంగారుపాళ్యం_రాళ్లు:

వచ్చే దారిలో ఆగి ఆయిల్ శాంపిల్ కొంచెం సీసాలో ఇచ్చి వెళ్లు. మా టిప్పర్ల ఆయిల్‌తో కలిపి ల్యాబ్‌కు పంపుతాను. ఆయిల్‌లో సిలికాన్ (దుమ్ములోంచి వచ్చేది) ఎన్ని పీపీఎమ్ (పది లక్షల్లో ఎన్ని వంతులు) ఉందో చూస్తే ఎయిర్ ఫిల్టర్ సీల్ సరిగా కూర్చుందో లేదో తెలిసిపోతుంది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు, ఆయిల్ మార్చే ముందు, పారే ధార మధ్యలోంచి పట్టు. అడుగున మిగిలింది వద్దు.